ఏటి ఒడ్డు తెల్లమద్దిని గుర్తుపట్టడం ఎలా: నేల నుంచి కాయ రెక్క దాకా

వాగు మలుపులో నీళ్లమీదికి కొమ్మలు వాల్చి, పాత సున్నం పూసినట్టున్న మానుతో నిలబడిన పెద్ద చెట్టును చూపిస్తే అది మద్ది అని మన పల్లెల్లో పెద్దవాళ్లు ఇట్టే చెబుతారు. ఏ మద్ది అని మళ్లీ అడిగితే మాత్రం సమాధానాలు రెండు మూడుగా చీలిపోతాయి. తెల్లమద్ది, ఏరుమద్ది, నల్లమద్ది, ఉత్త మద్ది అనే పేర్లు ఊరు మారితే చెట్టు మారేలా వాడుకలో ఉన్నాయి. పేరు తప్పితే పనీ తప్పుతుంది. గుండె జబ్బులకు ఆయుర్వేదం చెప్పే బెరడు తెల్లమద్దిది. వాగు గట్టు కోసుకుపోకుండా నాటవలసింది తెల్లమద్ది. పడవలకూ బండ్లకూ, ఇంటి దూలాలకూ వాడిన కలప తెల్లమద్ది, నల్లమద్ది రెంటిదీ అయినా అవి పెరిగే నేలలు వేరు. అందుకే తెల్లమద్దిని చెట్టు దగ్గర నిలబడి, కత్తి ముట్టకుండా, ఒక్కొక్క మెట్టుగా ఎలా నిర్ధారించుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా పేర్ల సంగతి

శాస్త్రజ్ఞులు ఈ చెట్టును టెర్మినేలియా అర్జున అంటారు. కాంబ్రెటేసీ కుటుంబానికి చెందినది. పెరటి బాదం, కరక, తాని కూడా ఇదే ప్రజాతికి, అంటే టెర్మినేలియా అనే జాతుల గుంపుకు చెందిన దగ్గరి చుట్టాలు. 18వ శతాబ్దం చివరి భాగంలో సామర్లకోటలో ఉంటూ కోరమండల్ తీరపు మొక్కలను చిత్రాలతో సహా నమోదు చేయించిన విలియం రాక్స్‌బర్గ్ దీనిని మొదట పెంటాప్టెరా అనే ప్రజాతిలో చేర్చాడు. ఆ గ్రీకు మాటకు ఐదు రెక్కలది అని అర్థం. తరువాత 1834లో వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు వాడే పేరును స్థిరపరిచారు. రాక్స్‌బర్గ్ ఎంచుకున్న ఆ పాత పేరే ఈ చెట్టును గుర్తుపట్టడంలో అన్నిటికంటే గట్టి ఆధారమైన కాయను చూపిస్తున్నదని నా అభిప్రాయం. అక్కడికి చివర వస్తాను.

సంస్కృతంలో అర్జునం అంటే తెలుపు, వెలుగు. ఆ పేరు బెరడును చూసి పెట్టినది. కకుభం అని మరో పేరు కూడా ఉంది. బాలకృష్ణుడు రోలు ఈడ్చుకుంటూ పోయి కూల్చిన యమళార్జునాలు ఈ మద్దులేనని మన భాగవత సంప్రదాయం చెబుతుంది. ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి వెలసిన చెట్టు కూడా అర్జున వృక్షమనే చెబుతారు, ఆ గుడి ఎర్రకాలువ ఒడ్డునే ఉంది. ఆ ఏటి ఒడ్డు వివరాన్ని గుర్తుంచుకోండి, మన మొదటి మెట్టు అదే.

నల్లమద్ది వేరే చెట్టు. దాని శాస్త్రీయ నామం టెర్మినేలియా ఎలిప్టికా. పాత గ్రంథాల్లో టెర్మినేలియా టొమెంటోసా అని ఉంటుంది. కలప వ్యాపారంలో దానికి ఇండియన్ లారెల్ అని పేరు. తెల్లమద్దితో కలగాపులగం అయ్యేది అన్నిటికంటే ఎక్కువగా ఇదే కాబట్టి, ఈ వ్యాసమంతటా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

ఎప్పుడు వెళ్లాలి, ఏమి తీసుకువెళ్లాలి

కొత్తగా నేర్చుకునేవారు ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు లోపల వెళ్లడం మంచిది. ఆ రోజుల్లో పోయిన ఏటి కాయలు ఎండి కొమ్మల మీద ఇంకా వేలాడుతూ, కొన్ని కింద రాలి ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో కొత్త ఆకు, పూత కూడా దొరుకుతాయి. వానాకాలంలో వాగులు పొంగుతాయి, తడిసిన బెరడు రంగు మారి కన్ను మోసపోతుంది. వెంట పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, కొలత టేపు, నోటు పుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. ఎత్తైన చెట్ల కాయలు చూడటానికి బైనాక్యులర్స్ ఉంటే ఎంతో ఉపయోగం. రక్షిత అడవిలోకి, అభయారణ్యంలోకి వెళ్లేటప్పుడు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఆకు, కాయ ఏదైనా అక్కడినుంచి తీసుకురావడానికి కూడా ఆ అనుమతి కావాలి.

మొదటి మెట్టు: చెట్టు కంటే ముందు నేలను చూడండి

తెల్లమద్ది నీటి తావును వదలదు. మారేడుమిల్లి, రంపచోడవరం వైపు తడి ఎక్కువగా ఉండే ఆకురాల్చు అడవుల్లోనైనా, నల్లమల వంటి ఎండు అడవుల్లోనైనా ఇది సహజంగా మొలిచేది వాగు ఒడ్డున, సెలయేటి గట్టు మీద, వరద వచ్చి పోయే ఒండ్రు నేలలో. వానలు తక్కువగా పడే ప్రాంతంలో ఈ నియమం మరీ కచ్చితంగా కనబడుతుంది: కొండ మీదనుంచి చూస్తే ఎండిన అడవి మధ్యలో పచ్చని తాడు పరిచినట్టు వాగు వెంబడి ఒక వరుస కనిపిస్తుంది, ఆ వరుసలో నేరేడు, కానుగలతో కలిసి ఎత్తుగా లేచిన చెట్లలో మద్దులు ఉంటాయి. వేళ్లు కొంతకాలం నీటిలో మునిగినా ఇది తట్టుకుంటుంది, కొంత చౌడు ఉన్న నేలలోనూ నిలబడుతుంది.

నల్లమద్ది వాలు నేలల చెట్టు. వాగు దిగువన కూడా అక్కడక్కడ ఉండవచ్చు గానీ, గట్టు దాటి వాలు ఎక్కి అడవి మధ్యలోకి నడిచే కొద్దీ గుంపులు గుంపులుగా కనిపించేది అదే. కాబట్టి చెట్టు దగ్గరకు వెళ్లగానే మొదట మీ నోటు పుస్తకంలో రాసుకోవలసింది అది వాగుకు ఎన్ని అడుగుల దూరంలో ఉంది, వరద నీటి గుర్తు మాను మీద ఉందా లేదా అన్న రెండు విషయాలు.

ఒక జాగ్రత్త. నాటిన చెట్లకు ఈ మెట్టు వర్తించదు. రోడ్ల పక్కన, చెరువు కట్టల మీద, కార్యాలయాల ఆవరణల్లో తెల్లమద్దిని విరివిగా నాటారు. ఢిల్లీలో జనపథ్ రోడ్డుకు ఇరువైపులా నీడనిచ్చేవి కూడా ఈ చెట్లే. అటువంటి చోట నేల ఏమీ చెప్పదు, తక్కిన మెట్ల మీదనే ఆధారపడాలి.

రెండో మెట్టు: దూరంగా నిలబడి ఆకారాన్ని చూడండి

ఎదిగిన తెల్లమద్ది 20 నుంచి 25 మీటర్ల ఎత్తు ఉంటుంది, అనుకూలమైన చోట ఇంకా పెరుగుతుంది. మాను ఎప్పుడూ కొలిచి నిలబెట్టినట్టు నిటారుగా ఉండదు. మొదలు దగ్గర వేళ్లు పలకల్లా పైకి లేచి మానుకు ఆనించి ఉంటాయి. వాగు గట్టు కోతపడ్డ చోట ఆ వేళ్లు బయటపడి మట్టిని గుప్పిట పట్టినట్టు కనిపిస్తాయి. తల వెడల్పుగా పరుచుకుంటుంది, చివరి కొమ్మలు కిందికి వాలతాయి. ఈ వాలును అలవాటు పడిన కన్ను అర కిలోమీటరు దూరం నుంచి పడుతుంది, కానీ కొత్తవారు దానినే నమ్ముకోకూడదు.

మూడో మెట్టు: బెరడు

తెల్లమద్ది బెరడు నునుపుగా, బూడిద కలిసిన తెలుపుతో, ఒక్కోచోట లేత గులాబీ, లేత ఆకుపచ్చ ఛాయలతో ఉంటుంది. పై పొర పెద్ద పెద్ద పలుచని పెచ్చులుగా ఊడిపోతుంది. అందువల్ల మాను ఒకే రంగులో ఉండదు. ఊడిపోయి కొద్ది రోజులైన చోటు లేతగా, పాతబడిన చోటు ముదురుగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. జామ మానును చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది, అదే పోకడ ఎన్నో రెట్లు పెద్ద మాను మీద ఉన్నదనుకోవాలి. అరచేయి పెట్టి నిమిరితే గరుకు తగలదు.

నల్లమద్ది బెరడు దీనికి పూర్తిగా విరుద్ధం. ముదురు బూడిద రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. నిలువు పగుళ్లూ అడ్డ పగుళ్లూ లోతుగా కలిసి మాను మొత్తాన్ని దీర్ఘచతురస్రపు పలకలుగా విడదీస్తాయి. దానిని మొసలి వీపుతో పోలుస్తారు, ఆ పోలిక కంటే మంచిది నాకు దొరకలేదు. ఆ మందపు బెరడే దానిని కార్చిచ్చు నుంచి కాపాడుతుంది.

ఈ రెండు వర్ణనలు చదివితే ఇక తడబాటుకు తావెక్కడ అనిపిస్తుంది. అడవిలో సంగతి వేరు. వానకు తడిసిన తెల్లమద్ది నల్లగా కనబడుతుంది. వరద బురద అంటిన మొదలు నాలుగైదు అడుగుల ఎత్తు దాకా మట్టి రంగులో ఉంటుంది. బెరడు కోసం పదే పదే చెక్కిన చెట్టు మానుతున్న గాయాల దగ్గర ముడతలు ముడతలుగా, గరుకుగా, నల్లబారి తయారవుతుంది, అటువంటి చెట్టును నల్లమద్ది అనుకున్నవారిని చూశాను. కాబట్టి మాను చుట్టూ పూర్తిగా ఒకసారి తిరగండి, తల ఎత్తి మనుషుల చేతికి అందని ఎత్తున బెరడు ఎలా ఉందో చూడండి, పెద్ద కొమ్మల బెరడును మానుతో పోల్చండి. తెల్లమద్దికి పై కొమ్మలు కూడా నునుపుగా, తెల్లగానే ఉంటాయి.

లోపలి బెరడు మందంగా, లేత ఎరుపు రంగులో ఉంటుందని అన్ని వర్ణనలూ చెబుతాయి. అది నిజమే, కానీ దానికోసం మానును గీరవద్దు. కింద రాలిన పెచ్చులు చాలినన్ని దొరుకుతాయి. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2024 మార్చిలో పాపికొండల జాతీయ వనంలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది మాను మీద ఉన్న బుడిపెను నరికితే నీళ్లు ధారగా చిమ్మిన దృశ్యం దేశమంతా ప్రచారమయ్యింది. ఎండాకాలంలో నల్లమద్ది తన మానులో నీరు నిల్వ చేసుకుంటుందన్న విషయం గోదావరి కొండల్లోని కొండరెడ్లకు ముందునుంచీ తెలిసినదే. ఆ దృశ్యం చూసిన తరువాత, మద్ది కనబడితే నరికి నీళ్లు వస్తాయేమో చూద్దామన్న మాట నేను చాలా చోట్ల విన్నాను. నీరు రాకపోవడం తెల్లమద్దికి నిదర్శనం కాదు, ప్రతి నల్లమద్దిలోనూ ప్రతి కాలంలోనూ నీరు ఉండదు. చెట్టుకు గాయం మాత్రం మిగులుతుంది. ఇది పరీక్ష కానే కాదు.

నాలుగో మెట్టు: ఆకును నాలుగు చోట్ల చూడండి

రాలిన ఆకు కంటే కిందికి వాలిన కొమ్మ చివరను చేత్తో పట్టుకుని, తెంపకుండా, ఆకు కొమ్మ మీద ఉండగానే చూడటం మేలు. మొదట అమరిక. తెల్లమద్ది ఆకులు జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి, లేదా ఒకటి కొద్దిగా పైకి, ఒకటి కొద్దిగా కిందికి జరిగి దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. ఒక కొమ్మ మీద ఒక్క జంట చూసి నిర్ణయించకుండా ఐదారు కణుపులు చూడాలి.

తరువాత ఆకారం. ఆకు 10 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు, 4 నుంచి 7 సెంటీమీటర్ల వెడల్పుతో, కోలగా, జామాకును సాగదీసినట్టు ఉంటుంది. తోలులా కాస్త మందంగా ఉంటుంది. కొన మొండిగా లేక కొద్దిపాటి మొనతో ఉంటుంది; కాడ దగ్గర ఆకు మొదలు గుండ్రంగానో, హృదయాకారంలో కొద్దిగా లోపలికి నొక్కుకుపోయినట్టో ఉండి, చాలాసార్లు ఒక పక్క కంటే రెండో పక్క కాస్త కిందికి దిగి ఉంటుంది. అంచును భూతద్దంతో చూస్తే లోతు లేని సన్నని పళ్లు కనిపిస్తాయి. ఈ పళ్లు అన్ని ఆకులకూ స్పష్టంగా ఉండవు, అందుకని ఒక చెట్టుకు కనీసం పది ఆకులు చూడాలి.

మూడవది గ్రంథులు. కాడ పొట్టిది, అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు పైచిలుకు మాత్రమే. ఆ కాడ ఆకును కలిసే చోట రెండు చిన్న గుండ్రని బుడిపెలు, పక్కకొకటి చొప్పున, ఆనుకుని ఉంటాయి. వేలి కొనకు కూడా తగులుతాయి. నల్లమద్దికి కూడా గ్రంథులు ఉన్నాయి, కానీ అవి ఆకు అడుగున, నడి ఈనె మీద, మొదలుకు దగ్గరగా, చిన్న కాడ మీద నిలబెట్టినట్టు పైకి లేచి ఉంటాయి. ఆకు తిప్పి చూస్తే తప్ప కనబడవు. గ్రంథులు ఉన్నాయా లేవా అన్న ప్రశ్న ఈ రెంటినీ వేరు చేయదు, ఎక్కడ ఎలా ఉన్నాయన్న ప్రశ్న వేరు చేస్తుంది.

నాలుగవది నూగు. నల్లమద్ది లేత ఆకుల మీద, ముఖ్యంగా అడుగువైపు, తుప్పు రంగు నూగు ఉంటుంది. దాని పాత పేరులోని టొమెంటోసా అన్న మాట ఆ నూగును బట్టి వచ్చినదే. తెల్లమద్ది ఎదిగిన ఆకు రెండువైపులా నున్నగా ఉంటుంది. ఇక్కడ కూడా ముదిరిన నల్లమద్ది ఆకు నూగు రాల్చుకుని నున్నబడుతుంది కాబట్టి లేత ఆకునే చూడాలి.

తెల్లమద్ది ఆకుల మీద తరచుగా చిన్న చిన్న గుండ్రని బుడిపెలు గుంపులుగా కనిపిస్తాయి. అవి ఆకు సహజ లక్షణం కావు. రసం పీల్చే ఒక సన్నని పురుగు వల్ల ఆకు ఉబ్బి ఏర్పడే గాళ్లు. కొత్తవారు వీటిని గ్రంథులనుకుని పొరబడతారు. గ్రంథులు రెండే, ఎప్పుడూ కాడ దగ్గరే ఉంటాయి. గాళ్లు ఆకు మీద ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి.

ఐదో మెట్టు: పూత

ఏప్రిల్, మే నెలల్లో లేత పసుపు కలిసిన తెల్లని చిన్న పూలు సన్నని కంకులుగా కొమ్మ చివరలా, ఆకుల పంగలలోనూ వస్తాయి. ఆకర్షక పత్రాలు ఉండవు. ఐదు మొనల గిన్నె వంటి పుష్పకోశం, బయటికి పొడుచుకు వచ్చిన పది కేసరాలు ఉంటాయి. తేనె వాసనకు ఈగలూ తేనెటీగలూ మూగుతాయి. నల్లమద్ది పూత కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది కాబట్టి పువ్వు వల్ల ప్రజాతి తెలుస్తుంది తప్ప జాతి తేలదు. దీని మీద ఎక్కువ సమయం పెట్టవద్దు.

ఆరో మెట్టు: కాయ

ఇంతవరకూ చూసినవన్నీ కలిపి మిమ్మల్ని తొంభై పాళ్లు నిర్ణయానికి తెస్తాయి, మిగిలిన పది పాళ్లు కాయ తీరుస్తుంది. బెరడుకు, కాయకు మధ్య వైరుధ్యం వస్తే నేను కాయనే నమ్ముతాను.

తెల్లమద్ది కాయ రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల పొడవుతో కోలగా, కర్రలా గట్టిగా, నారతో నిండి ఉంటుంది. దాని పొడవునా ఐదు రెక్కలు, అరుదుగా ఏడు, కింది నుంచి పైకి నడుస్తాయి. అడ్డంగా కోస్తే స్టార్ ఫ్రూట్ ముక్కలా నక్షత్రం ఆకారం కనబడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఆకుపచ్చగా ఉండి, ఎండేసరికి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. నల్లమద్ది కాయకూ ఐదు రెక్కలే. ఐదు రెక్కలు లెక్కపెట్టి తెల్లమద్ది అని తీర్మానించడం చాలామంది చేసే తప్పు. చూడవలసినవి మరో రెండు ఉన్నాయి.

ఒకటి, రెక్క వెడల్పు. తెల్లమద్ది రెక్కలు ఇరుకు, మందం, గట్టి. కాయ గుంజకు, అంటే నడిమి భాగానికి, అంచులు తీసినట్టు ఉంటాయి. నల్లమద్ది రెక్కలు వెడల్పు, వాటితో పోలిస్తే పలుచన. కాయ గుంజ సన్నబడి రెక్కలే ఎక్కువగా కనిపిస్తాయి.

రెండు, రెక్క మీది గీతలు. అసలు నిర్ణయం ఇక్కడుంది. ఎండిన కాయను తొడిమ కిందికి ఉండేలా నిలువుగా పట్టుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పి, భూతద్దంతో రెక్క చదునును చూడండి. సన్నని గీతలు గుంజ నుంచి అంచు వైపు వెళుతుంటాయి. అవి పైకి వంగుతూ అంచును చేరితే తెల్లమద్ది. గుంజ నుంచి అంచుకు అడ్డంగా, తిన్నగా, దువ్వెన పళ్లలా వెళితే నల్లమద్ది. ఈ తేడాను కంటితో ఒకసారి పట్టుకున్నవారు మళ్లీ మరిచిపోరు. అందుకే నేర్చుకునేటప్పుడు పేరు నిర్ధారణ అయిన రెండు చెట్ల కాయలను ఒక్కొక్కటి దగ్గర ఉంచుకుని పక్కపక్కన పెట్టి చూడమని చెబుతాను.

కాయ విషయంలో ఒక ప్రమాదం నా అనుభవంలో ఎదురయింది. ఒక వేసవిలో నారు పోయడానికి వాగు ఇసుకలో ఒక పెద్ద తెల్లమద్ది నీడన పడి ఉన్న కాయలను బస్తాలో నింపుకుని వచ్చాను. మొలిచిన మొక్కల్లో సగానికి పైగా లేత ఆకుల మీద తుప్పు రంగు నూగు ఉంది. కాయలు తేలికగా ఉండి నీటిలో తేలతాయి. ఎగువ వాలు మీది నల్లమద్ది కాయలను పోయిన వానాకాలపు ప్రవాహం తెచ్చి ఆ చెట్టు కింద పోగుచేసి వెళ్లింది. ఒక ఏడాది శ్రమ వృథా అయ్యింది, వాగు గట్టున నాటవలసిన మొక్కలు ఆ ఏటికి అందలేదు. అప్పటినుంచి కొమ్మ మీద ఉన్న కాయను బైనాక్యులర్స్‌తో చూసి, గట్టు పైభాగంలో, వరద గుర్తుకు ఎగువన రాలిన కాయలను మాత్రమే ఏరుతున్నాను. మీరు కూడా ఇసుకలో దొరికిన కాయను ఆధారంగా తీసుకోవద్దు.

పొరపాటు పడే ఇతర చెట్లు

తెల్లని మాను కనబడగానే మద్ది అనుకోకుండా ఉండటానికి మరికొన్నిటిని తెలుసుకోవాలి. చిరుమాను బెరడు కూడా నునుపుగా తెల్లబూడిద రంగులో పెచ్చులూడుతూ ఉంటుంది. మద్దికి ఇది బంధువే. కానీ ఆకులు చిన్నవి, ఎండు వాలు నేలల్లో పెరుగుతుంది, కాయలు ఉండలు కట్టిన చిన్న గుత్తులు. వాటిని చూస్తే సందేహం ఉండదు. చెన్నంగి బెరడు కూడా లేత రంగులో ఊడుతుంది, దాని కాయ రెక్కలు లేకుండా పగిలి విత్తనాలు వదిలే చిన్న గట్టి కాయ. తపసి చెట్టు ఎండాకాలంలో ఆకంతా రాల్చి రాతి గుట్టల మీద తెల్లగా మెరుస్తుంది. దాని బెరడు కాగితంలా ఊడుతుంది, ఆకు ఐదు తమ్మెలుగా చీలి ఉంటుంది, వాగు దగ్గరకు రాదు.

వాగు ఒడ్డునే పెరిగే నేరేడుతో ఆకుల దగ్గర తికమక రావచ్చు. అది కూడా ఎదురెదురు ఆకుల చెట్టే. కింద రాలిన ఆకును నలిపి వాసన చూడండి: నేరేడాకు ఘాటైన సువాసన వేస్తుంది, మద్ది ఆకుకు అటువంటిది లేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నేరేడాకు అంచు పొడవునా, అంచుకు కొద్దిగా లోపల, ఒక సన్నని ఈనె నడుస్తూ ఉంటుంది. ఇక తాని, కరక సొంత ప్రజాతి వాళ్లే అయినా కాయకు రెక్కలు లేవు. తాని కాయ గుండ్రంగా, బూడిద రంగు మఖమల్ లాంటి నూగుతో ఉంటుంది. ఆకులు పొడవైన కాడలతో కొమ్మ చివర గుత్తిగా చేరతాయి. కరక్కాయ నిలువు గాట్లతో ఉంటుంది, అది ప్రతి ఇంట్లో తెలిసినదే.

కలప చూసి చెప్పవలసి వస్తే

పడిపోయిన చెట్టు, పాత బండి చక్రం, దూలం వంటివి చూపించి ఇది ఏ మద్ది అని అడిగేవారు ఉంటారు. తెల్లమద్ది కలప గట్టిది, బరువైనది. పైకొయ్య ఎరుపు కలిసిన తెలుపు, చేవ గోధుమ రంగులో ముదురు చారలతో ఉంటుంది. నల్లమద్ది చేవ కూడా గోధుమ రంగులో నల్లని చారలతోనే ఉంటుంది. కంటి చూపుతో ఈ రెంటి కలపనూ విడదీయగలనని చెప్పడం సాహసం. కోత ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించేవారికి వదిలిపెట్టడం న్యాయం. దసలి పట్టు పురుగులు మేసిన ఆకులను బట్టి చెప్పాలన్న ఆలోచన కూడా పనికిరాదు. మహాదేవపూర్, చెన్నూరు వైపు దసలి పురుగులను పెంచే అడవుల్లో అవి రెండు మద్దుల ఆకులనూ ఇష్టంగా తింటాయి.

అంగట్లో అమ్మే బెరడు ముక్కల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఎండి, విరిగి, పొడిగా మారిన తరువాత అర్జున బెరడును ఇతర మద్ది జాతుల బెరడు నుంచి కంటితో విడదీయలేము. మందుగా వాడేవారు వైద్యుల సలహాతో, నాణ్యత పరీక్ష జరిగిన సరుకునే కొనాలి. ముఖ్యంగా గుండె జబ్బుకు వేరే మందులు వాడుతున్నవారు సొంతంగా చెట్టు బెరడు చెక్కి కషాయం కాచుకోవడం తమకూ చెట్టుకూ ముప్పు. మాను చుట్టూ వలయంగా బెరడు తీసిన మద్ది క్రమంగా ఎండిపోతుంది.

కాయ లేని చెట్టు, చిన్న మొక్క

అన్నిటికంటే కష్టమైనది ఇదే. నాలుగైదేళ్ల మొక్కకు కాయ ఉండదు, బెరడు ఇంకా స్వరూపం తెచ్చుకోదు, నరికిన మోడు నుంచి లేచిన చిగురు కొమ్మలకు ఆకులు మామూలు కంటే పెద్దవిగా, ఆకారం మారి ఉంటాయి. ఇటువంటప్పుడు రెండు విషయాలను మాత్రమే ఆధారం చేసుకోండి: లేత ఆకు అడుగున తుప్పు రంగు నూగు ఉందా, గ్రంథులు కాడ చివర ఆనుకుని ఉన్నాయా లేక నడి ఈనె మీద లేచి ఉన్నాయా. రెండూ ఒకే వైపు చూపిస్తే పేరు రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. ఒకటి ఎదురు తిరిగితే పేరు రాయవద్దు, మద్ది ప్రజాతి అని మాత్రం రాయండి.

నోటు పుస్తకంలో ప్రతి చెట్టుకూ తేదీ, చోటు, వాగు నుంచి దూరం, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత, బెరడు రంగు, పది ఆకుల కొలతలు, గ్రంథుల చోటు, కాయ ఉంటే గీతల దిశ రాయండి. వేరు పలకలు ఆ ఎత్తు దాకా లేచి ఉంటే వాటి పైన కొలిచి, ఎంత ఎత్తున కొలిచారో కూడా రాయాలి. ఫోటోలు తీసేటప్పుడు చెట్టు మొత్తం, బెరడు, ఆకు రెండు వైపులా, కాడ దగ్గర గ్రంథులు, కాయ రెక్క అని ఐదు రకాలు తీయండి. మాను ముందు మనిషి నిలబడిన ఒక్క ఫోటో పంపి పేరు చెప్పమంటే ఎంతటి నిపుణుడూ చెప్పలేడు. అప్పటికీ తేలకపోతే, అనుమతితో సేకరించి కాగితాల మధ్య ఆరబెట్టిన ఆకు కొమ్మనూ కాయనూ హైదరాబాద్‌లోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రంలోనో, మీకు దగ్గరలోని విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలోనో చూపించవచ్చు. వెళ్లేటప్పుడు నోటు పుస్తకం కూడా వెంట ఉండాలి, ఎందుకంటే అక్కడ అడిగే మొదటి ప్రశ్న చెట్టు ఎక్కడ నిలబడి ఉన్నదనే.